నోరెండుతోందంటే వినడమే కాదు, కొలవాలి

నలభై ఏళ్ళ వృత్తిజీవితంలో చేసిన పొరపాట్లు కొన్ని కాలక్రమేణా మరుగున పడ్డాయి. ఒకటి మాత్రం పడలేదు. ఉద్యోగ విరమణ చేసి ఇన్నేళ్ళయినా, ఎవరైనా "నోరు ఎండుకుపోతోందండీ" అంటే ముందుగా నాకు ఆమే గుర్తుకు వస్తారు.

ఆమె ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయిని. అప్పటికి నలభయ్యారేళ్ళు. రుమటాయిడ్ కీళ్ళవాతానికి మూడేళ్ళుగా నా వద్దనే చికిత్స పొందుతున్నారు. వేళ్ళ వాపులు తగ్గాయి, రక్తపరీక్షలు మెరుగుపడ్డాయి, నేనూ సంతృప్తిగానే ఉన్నాను. ఒకనాడు మందుల చీటీ తీసుకుని లేవబోతూ, "డాక్టరుగారూ, పాఠం మొదలుపెట్టిన పది నిమిషాలకే నాలుక పిడచకట్టుకుపోతోంది. నీళ్ళసీసా లేనిదే తరగతికి వెళ్ళలేకపోతున్నాను" అన్నారు. అవి ఒంటిపూట బడుల రోజులు. రక్తంలో చక్కెర పరీక్ష చేయించాను, సరిగానే ఉంది. "ఎండలు కదమ్మా, నీళ్ళు బాగా తాగండి, మజ్జిగ తీసుకోండి" అని పంపించాను.

వానాకాలం వచ్చినా ఆమె నోరు తడవలేదు. రాత్రి రెండు మూడుసార్లు లేచి నోరు తడుపుకోవలసి వస్తోందనీ, నిద్ర చెడిపోతోందనీ చెప్పారు. నిద్రకూ నొప్పులకూ కలిపి పనికివస్తుందని ఎమిట్రిప్టిలీన్ మాత్ర రాశాను. ఆ మందు నోటిని మరింత ఎండబెడుతుందన్న సంగతి నాకు తెలియక కాదు. ఆ క్షణాన తోచక.

ఏడాదిన్నర తర్వాత ఒక దంతవైద్యుడు నాకు ఫోన్ చేశారు. "సర్, మీ పేషెంటుకు చిగురు అంచుల వెంట తొమ్మిది పళ్ళు పుచ్చిపోయి ఉన్నాయి. నోట్లో అద్దం పెడితే బుగ్గకు అంటుకుపోతోంది. లాలాజలం ఎప్పుడైనా కొలిపించారా?" అని అడిగారు. కొలిపించలేదు. కొలవడం మాట అటుంచండి, అన్నేళ్ళలో ఒక్కసారైనా ఆమెను నోరు తెరవమని నేను అడగలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. కీళ్ళవాతం, లూపస్, థైరాయిడ్ వంటి స్వయంప్రహరణ వ్యాధులు ఉన్నవారు నోరు ఎండుతోందని చెప్పినప్పుడు, ఆ మాటను విని ఊరుకోకూడదు, కొట్టిపారేయకూడదు, కొలవాలి. కొలవకపోవడం వలన రెండు విధాల అపచారం జరుగుతోంది. జబ్బు ఉన్నవారిని లేదని పంపేస్తున్నాము. లేనివారికి ఉందని ముద్ర వేస్తున్నాము.

ఎండే నోరు వెనుక ఉన్న జబ్బు

స్వయంప్రహరణ వ్యాధి అంటే శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ పొరపాటున శరీరంపైనే దాడి చేయడం. ఆటో ఇమ్యూన్ జబ్బు అని వైద్యులు చెప్పేది దీనినే. ఆ దాడి కీళ్ళ పొరల మీద జరిగితే కీళ్ళవాతం, థైరాయిడ్ మీద జరిగితే థైరాయిడ్ లోపం కలుగుతాయి. లాలాజల గ్రంథుల మీద, కన్నీటి గ్రంథుల మీద జరిగితే అది షోగ్రెన్ వ్యాధి. లింఫోసైట్లు అనే తెల్లకణాలు గ్రంథులలోకి గుంపులుగా చేరి, వాటి పనిని క్రమంగా కుంటుపరుస్తాయి. ఈ జబ్బు ఒంటరిగానూ రావచ్చు, కీళ్ళవాతం, లూపస్‌ల వెంటా రావచ్చు. రోగులలో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలు. ఎక్కువమందిలో నలభై, అరవై ఏళ్ళ మధ్య బయటపడుతుంది.

ఈ జబ్బుకు పేరిచ్చిన హెన్రిక్ షోగ్రెన్ స్వీడన్ దేశపు నేత్రవైద్యుడు. 1933లో ఆయన సమర్పించిన పరిశోధన గ్రంథంలో కళ్ళు పొడిబారిన పందొమ్మిదిమంది స్త్రీల వివరాలు ఉన్నాయి. వారిలో పదముగ్గురికి కీళ్ళవాతం ఉంది. కళ్ళు, నోరు, కీళ్ళు మూడింటికీ మూలం ఒకే జబ్బని ఆయన గ్రహించారు. ఆ గ్రంథానికి ఆనాడు తగిన గుర్తింపు దక్కలేదు. దక్కకపోయినా, కంటి వైద్యుడై ఉండి ఆయన నోటినీ కీళ్ళనూ చూశారు. కీళ్ళకు వైద్యం చేస్తూ నేను నోటిని చూడలేదు. తేడా అక్కడే ఉంది.

అంతటి అపురూపమైన జబ్బూ కాదు ఇది. టెన్నిస్ క్రీడాకారిణి వీనస్ విలియమ్స్ 2011లో తనకు షోగ్రెన్ ఉందని ప్రకటించినప్పుడు, జబ్బుకు పేరు దొరికేలోగా కొన్నేళ్ళు గడిచాయని కూడా చెప్పారు. అంతటి వైద్య సదుపాయం ఉన్నవారికే అంత కాలం పడితే, మన జిల్లా కేంద్రాలలోని రోగుల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

దాహం వేరు, నోరెండడం వేరు

మన వాడుకలో ఈ రెండూ కలిసిపోయాయి. దాహం శరీరానికి నీరు కావాలని చేసే హెచ్చరిక. నీళ్ళు తాగితే తీరుతుంది. నోరెండడం లాలాజలం ఊరకపోవడం. నీళ్ళు తాగితే రెండు నిమిషాలు హాయిగా ఉండి మళ్ళీ మొదటికి వస్తుంది. "వేడి చేసింది" అని సబ్జా గింజలూ బార్లీ నీళ్ళూ తాగుతూ నెలలు గడిపేవారిని ఎందరినో చూశాను. వాటి వలన హాని లేదు. కాలం వృథా అవుతుంది, అదే హాని.

ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. నోరు ఎండినట్టు అనిపించడం ఒకటి, లాలాజలం నిజంగా తగ్గడం మరొకటి. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఊరే లాలాజలం దాదాపు సగానికి పడిపోయేదాకా చాలామందికి తేడా తెలియదు. కొందరికి లాలాజలం చాలినంత ఉన్నా, ఆందోళన వలననో, నోటితో గాలి పీల్చే అలవాటు వలననో ఎండినట్టు అనిపిస్తుంది. అందుచేత రోగి మాట అత్యవసరం, కాని అదే తుది తీర్పు కాదు. ఇది రోగిని శంకించడం కాదు. జ్వరం వచ్చిందంటే నమ్ముతాము, నమ్మి కూడా థర్మామీటరు పెడతాము. ఇదీ అంతే.

అడగవలసిన ప్రశ్నలు సులభమైనవి. మూడు నెలలకు పైగా ప్రతిరోజూ నోరు ఎండుతోందా? పొడి పదార్థం మింగడానికి తరచు నీళ్ళు కావలసి వస్తోందా? కళ్ళు మూడు నెలలకు పైగా రోజూ పొడిబారి బాధిస్తున్నాయా? కంట్లో ఇసుక పడ్డట్టు పదేపదే ఉంటోందా? కృత్రిమ కన్నీటి చుక్కలు రోజుకు మూడుసార్ల కంటె ఎక్కువ వేసుకుంటున్నారా? ఒక్కదానికి అవునన్నా మరింత శోధించవలసిందే. పాశ్చాత్యులు బిస్కెట్టు తినగలరా అని అడుగుతారు. నేను సున్నుండ గురించి అడిగేవాడిని. నీటిచుక్క లేకుండా సున్నుండ తినగలిగినవారి లాలాజలం గురించి నాకు పెద్దగా బెంగ ఉండేది కాదు.

ఆ తర్వాత నోరు తెరిపించి చూడాలి. ఆరోగ్యవంతుల నాలుక కింద లాలాజలం చిన్న మడుగులా నిలిచి ఉంటుంది. ఎండిన నోటిలో ఆ మడుగు ఉండదు, ఉన్నా నురగలా, తీగలు సాగుతూ ఉంటుంది. నాలుక నున్నబడి ఎర్రగా మారుతుంది, లేదా నెర్రెలు విచ్చుతుంది. చిగురు అంచుల దగ్గర పళ్ళు పుచ్చుతాయి. పెదవుల మూలలు పగులుతాయి, నోటిలో బూజుజాతి పూత వస్తుంది. చెవి ముందున్న గ్రంథులు ఉబ్బవచ్చు. దీనికంతకూ కావలసింది ఒక టార్చిలైటు, రెండు నిమిషాలు.

పదిహేను నిమిషాల పరీక్ష

ఇక కొలవడం. ఉదయం పూట, కనీసం గంటసేపు ఏమీ తినకుండా, తాగకుండా, పళ్ళు తోముకోకుండా, పొగ తాగకుండా ఉన్న రోగిని నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టాలి. తల కాస్త ముందుకు వంచమనాలి. ఒకసారి గుటక వేయించి గడియారం చూసుకోవాలి. ఆ తర్వాత పదిహేను నిమిషాలపాటు మింగకుండా, నోట్లో చేరిన లాలాజలాన్ని ముందుగా తూచి ఉంచిన చిన్న పాత్రలోకి వదలమనాలి. చివర మళ్ళీ తూచాలి. ఒక గ్రామును ఒక మిల్లీలీటరుగా లెక్కిస్తే చాలు. నురగ వలన గీతల గొట్టంలో కొలత తప్పుతుంది కనుక తూకమే మేలు.

ఆరోగ్యవంతులకు నిమిషానికి సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు ఊరుతుంది. నిమిషానికి 0.1 మిల్లీలీటరు, అంటే పదిహేను నిమిషాలకు 1.5 మిల్లీలీటర్లు లేదా అంతకు తక్కువ ఉంటే లాలాజలం బాగా తగ్గినట్టు. టీ చెంచాలో మూడోవంతు కూడా నిండని పరిమాణం అది.

ఈ పరీక్షకు యంత్రం అక్కరలేదు, రసాయనాలు అక్కరలేదు, సూది గుచ్చనక్కరలేదు. అయినా మన ఆసుపత్రులలో అతి అరుదుగా జరిగే పరీక్షలలో ఇదొకటి. వేల రూపాయల ప్రతిరక్షకాల పరీక్షలు ఒక్క సంతకంతో రాసేస్తాము. ఒక కప్పు, ఒక తక్కెడ, ఒక కుర్చీ, పదిహేను నిమిషాలు మాత్రం మనకు దొరకవు. బిల్లు రాయడానికి వీలులేని పరీక్ష కావడం వలననే దీనికి గౌరవం లేకుండా పోయిందేమోనని నా అనుమానం. వైద్యునికే తీరిక ఉండాలని లేదు, శిక్షణ పొందిన నర్సు ఎవరైనా చేయగలరు.

రక్తపరీక్ష ఒక్కటే చాలదు

నోరు ఎండినంత మాత్రాన షోగ్రెన్ అని తేల్చలేము. 2016లో అమెరికా, ఐరోపా కీళ్ళవైద్య సంఘాలు కలిసి ఒక మార్కుల పద్ధతిని ఏర్పరిచాయి. రక్తంలో యాంటీ రో ప్రతిరక్షకం ఉంటే మూడు మార్కులు. పెదవి లోపలి చిన్న లాలాజల గ్రంథులను సూక్ష్మదర్శినితో చూసినప్పుడు నాలుగు చదరపు మిల్లీమీటర్లకు ఒకటి లేదా అంతకు మించి లింఫోసైట్ల గుంపులు ఉంటే మూడు మార్కులు. కంటిపొరకు రంగువేసి చూసే పరీక్షలో లోపం కనిపిస్తే ఒకటి. కంటి రెప్పలో కాగితపు పట్టీ ఉంచే షిర్మర్ పరీక్షలో ఐదు నిమిషాలకు ఐదు మిల్లీమీటర్లు లేదా అంతకు తక్కువ తడిస్తే ఒకటి. లాలాజలం పైన చెప్పినంత తగ్గితే ఒకటి. మొత్తం నాలుగు వస్తే ఆ జబ్బు కింద లెక్క. ఈ మార్కులు పరిశోధనలకోసం రోగులను వర్గీకరించడానికి ఏర్పరచినవి. వైద్యుని విచక్షణకు అవి బదులు కావు.

ఇక్కడ తరచు జరిగే పొరపాట్లు రెండు. ఏ.ఎన్.ఏ. పరీక్ష నెగెటివ్ వచ్చింది కనుక ఏమీ లేదని పంపేయడం మొదటిది. ఏ.ఎన్.ఏ. నెగెటివ్ వచ్చినవారిలోనూ యాంటీ రో ఉండవచ్చు, అనుమానం గట్టిగా ఉంటే దానిని విడిగా అడగాలి. యాంటీ రో కూడా లేదు కనుక జబ్బు లేదనడం రెండవది. షోగ్రెన్ రోగులలో చెప్పుకోదగ్గ భాగానికి ఆ ప్రతిరక్షకం ఉండదు. అటువంటివారికి పెదవి ముక్క పరీక్షే దారి చూపుతుంది.

పెదవి ముక్క అనగానే రోగులు భయపడతారు. కింది పెదవి లోపలి వైపు మత్తు సూది ఇచ్చి, చిన్న గాటు పెట్టి, గింజలవంటి గ్రంథులను నాలుగైదింటిని తీస్తారు. ఒకటి రెండు కుట్లు పడతాయి. బయటికి మచ్చ కనిపించదు. కొద్దిమందికి ఆ చోట తిమ్మిరి మిగలవచ్చునని ముందే చెప్పడం న్యాయం. అవసరం లేనివారికి చేయకూడదు, అవసరమైనవారికి భయంతో మానకూడదు.

ముద్ర వేయడంలో తొందర

ఇప్పుడు రెండవ అపచారం సంగతి. ఈమధ్య బంధువుల అమ్మాయి ఒకరు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "తాతయ్యా, నాకు షోగ్రెన్ అట. నోరెండుతోందని నేనే టెస్టు చేయించుకున్నాను. ఏ.ఎన్.ఏ. పాజిటివ్" అంది. ఆరోగ్యవంతులలోనూ ఏ.ఎన్.ఏ. కొద్దిగా పాజిటివ్ రావడం అరుదు కాదు. ఏ మాత్రలు వేసుకుంటున్నావని అడిగాను. తుమ్ములకు ఆరునెలలుగా రోజూ క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న జలుబు మాత్ర. తన వైద్యునితో మాట్లాడి అది మార్చుకున్నాక నోరు తడవడం మొదలైంది.

లోకంలో ఎండిన నోళ్ళకు అన్నిటికంటె తరచుగా కనిపించే కారణం మందులే. అలర్జీ మాత్రలు, ఎమిట్రిప్టిలీన్ వంటివి, మూత్రాశయం పట్టు తప్పినవారికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, వణుకుడు రోగానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, రక్తపోటుకు వాడే మూత్రం ఎక్కువ చేసే మాత్రలు ఈ జాబితాలో ఉన్నాయి. అదుపు తప్పిన మధుమేహం, తల, మెడ భాగాలకు ఇచ్చిన రేడియేషన్, హెపటైటిస్ సి, ఎయిడ్స్, సార్కాయిడోసిస్, ఐజీజీ4 జబ్బు కూడా షోగ్రెన్‌ను పోలిన లక్షణాలు చూపవచ్చు. అందుచేత పరీక్షకు వచ్చేవారు తాము వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని రావాలి, మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్నవాటితో సహా. వైద్యుని అడగకుండా ఏ మందునూ సొంతంగా మానవద్దు.

స్వయంప్రహరణ వ్యాధి ఉన్నవారిలో చిక్కు మరింత ఎక్కువ. వారికి జబ్బూ ఉంటుంది, మందులూ ఉంటాయి. నా రోగి విషయంలో రెండూ ఉన్నాయి. జబ్బు ఎండబెట్టిన నోటిని నా మాత్ర ఇంకా ఎండబెట్టింది.

"పేరు తెలిసి ఏం లాభం?"

సాటి వైద్యులు కొందరు నాతో వాదించారు. "షోగ్రెన్‌ను నయం చేసే మందు లేదు కదా. ఎలాగూ నీళ్ళు తాగమనే చెబుతాము. ఇంత శ్రమ ఎందుకు?" అని. మొదటి మాట నిజమే. రెండవది నిజం కాదు.

పేరు తెలిస్తే పళ్ళు దక్కుతాయి. లాలాజలం ఆహారాన్ని తడపడమే కాక ఆమ్లాన్ని విరుస్తుంది, పంటి పైపొరకు ఖనిజాలను తిరిగి అందిస్తుంది. అది లేనివారికి ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న పేస్టు, పూత అవసరం. తీపి చప్పరించడం మానాలి, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలాలి, ఏటా రెండు మూడుసార్లు దంతవైద్యుని వద్దకు వెళ్ళాలి. గ్రంథులలో ఇంకా సత్తువ ఉన్నవారికి పైలోకార్పిన్ మాత్రలు లాలాజలాన్ని పెంచుతాయి. ఉబ్బసం, కొన్ని రకాల గ్లాకోమా ఉన్నవారికి అవి తగవు.

పేరు తెలిస్తే గర్భిణులకు రక్షణ. యాంటీ రో ఉన్న తల్లి నుంచి ఆ ప్రతిరక్షకం మాయ దాటి శిశువు గుండెలోని విద్యుత్ మార్గాన్ని దెబ్బతీయవచ్చు. వందకు ఒకటి రెండు గర్భాలలో మాత్రమే ఇలా జరుగుతుంది. ముందే తెలిస్తే అయిదారు నెలల మధ్య శిశువు గుండెను స్కానింగులో గమనిస్తూ ఉండవచ్చు. ఇంతకు ముందు బిడ్డకు ఇలా జరిగిన తల్లులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మేలు చేస్తుందని తెలుసు.

పేరు తెలిస్తే మూత్రపిండాల మీద కన్ను ఉంటుంది. షోగ్రెన్ మూత్రపిండ నాళికలను దెబ్బతీసినప్పుడు పొటాషియం పడిపోయి, రాత్రికి రాత్రి కాళ్ళు చేతులు చచ్చుబడి ఆసుపత్రికి వచ్చేవారు మన దేశంలో ఉన్నారు. లాలాజల గ్రంథి వాపు తగ్గకుండా ఉంటే లింఫోమా అనే క్యాన్సరు ఉందేమో చూడాలి. షోగ్రెన్ రోగులలో వందకు సుమారు ఐదుగురికి జీవితకాలంలో అది రావచ్చునని అంచనా. తొంభైఅయిదుగురికి రాదు కనుక భయపడనక్కరలేదు. ఆ ఐదుగురు ఎవరో తెలియాలంటే అందరినీ గమనిస్తూ ఉండాలి.

ఇవి కాక, కొలతలకు అందని లాభం మరొకటి ఉంది. ఏళ్ళ తరబడి "మీ ఊహ", "మీ వయసు", "మీ టెన్షన్" అని వింటూ వచ్చిన మనిషికి తన బాధ నిజమేనని ఎవరో ఒకరు చెప్పడం. ఈ జబ్బు ఎక్కువగా స్త్రీలకు వస్తుంది. స్త్రీల బాధలను మన సమాజం, మన వైద్యరంగం కూడా ఎంత తేలికగా కొట్టివేస్తాయో మీకు చెప్పనక్కరలేదు. కొట్టివేసినవారిలో నేనూ ఒకడిని.

కీళ్ళవాతం, లూపస్ రోగులను చూసే ప్రతి వైద్యుడూ ఏడాదికి ఒకసారైనా వారిచేత నోరు తెరిపించి చూడాలి, అనుమానం ఉంటే పదిహేను నిమిషాలు కేటాయించాలి. దంతవైద్యులు చిగురు అంచున వరుసగా పుచ్చిన పళ్ళను చూస్తే "సరిగా తోముకోవడం లేదు" అని మందలించే ముందు లాలాజలం గురించి ఆలోచించాలి. రోగులు ఈ మాటను లేచి వెళ్ళేటప్పుడు కాక కూర్చోగానే చెప్పాలి.

ఆ ఉపాధ్యాయినికి చివరికి నేనే పరీక్ష చేశాను. పదిహేను నిమిషాలకు పాత్రలో చేరినది 0.6 మిల్లీలీటర్లు. తూకం కాగితం మీద రాసి ఆమెకు చూపించాను. నా మాత్ర వలన కూడా ఆమె బాధ పెరిగిందని ఒప్పుకుని, దానిని మాన్పించాను. ఆమె ఆ అంకెను కాసేపు చూసి, "అయితే ఇది నా భ్రమ కాదన్నమాట" అన్నారు. కోపగించుకుని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆమె తిరిగి చికిత్సకు నా వద్దకే వచ్చారు. ప్రతిసారీ ముందు నోరు చూశాకనే వేళ్ళు చూశాను.